ఇన్వర్టర్ ఉంది గదా, ఫ్యానెందుకు తిరుగుతలేదు?

2025 మే నెలలో ఒక పొద్దున, ఆఫీసులో స్టాండప్ మీటింగ్ మొదలయ్యే ముందు, తొర్రూరు నుంచి బాపు ఫోన్ చేశాడు. ముందురోజు సాయంత్రం గాలివాన కొట్టింది. చెట్లు విరిగాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి, రాత్రంతా కరెంటు లేదు. ఇదేం కొత్త సంగతి కాదు. బాపు అడిగిన ప్రశ్న మాత్రం కొత్తది.

"ఎండ మంచిగ కొడతాంది. మీద నీ అద్దాలు ఆరు ఉన్నయ్. ఇన్వర్టర్ గోడకే ఉంది. మరి ఫ్యానెందుకు తిరుగుతలేదురా?"

దీనికి జవాబు నాకు తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు. ఎనిమిది నెలల కింద ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించినప్పుడు కూడా తెలుసు. బాపుకు చెప్పాలనే తట్టలేదు, అంతే. మామూలుగా ఇళ్ళకు పెట్టే గ్రిడ్ సోలార్, వీధిలో కరెంటు ఉంటేనే పనిచేస్తుంది. వీధిలో పోతే ఇదీ ఆగిపోతుంది. నెత్తిన సూర్యుడు మండుతున్నా సరే.

ఫోన్‌లో యాప్ తెరిచి చూశాను. పొద్దున తొమ్మిదింటికి ఉత్పత్తి 0. ఆ సున్నా కింద ఏం జరుగుతోందో సాయంత్రం అమ్మ చెప్పింది. బోరు మోటరు నడవక ట్యాంకు ఖాళీ అయితే, మోకాళ్ళ నొప్పుల మనిషి చేతిపంపు దగ్గరికి పోయి రెండు బకెట్లు మోసుకొచ్చాడట. లక్షకు పైగా ఖర్చు పెట్టి నేను సాధించింది ఇదన్నమాట.

అసలు తిరకాసంతా "ఇన్వర్టర్" అనే మాట దగ్గర ఉంది. మన ఇళ్ళల్లో ఇన్వర్టర్ అంటే ఏంటి? మెట్ల కింద ఒక పెట్టె, దాని పక్కన ఒక పెద్ద బ్యాటరీ. కరెంటు పోతే 'టక్' మని సౌండొచ్చి ఫ్యాను మళ్ళీ తిరుగుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ మాటకు అదే అర్థం. సోలార్ వాళ్ళు ఇన్వర్టర్ అన్నది వేరే వస్తువు. పలకల నుంచి వచ్చే డీసీని ఏసీగా మార్చి గ్రిడ్‌లో కలిపే డబ్బా అది. దానికి బ్యాటరీ ఉండదు. ఒకే వేరియబుల్ పేరు, రెండు వేర్వేరు టైపులు. కంపైలర్ అయితే ఎర్రగీత గీసేది, మనుషుల మధ్య ఎవరు గీస్తారు?

కొటేషన్ కాగితంలో "ఇన్వర్టర్‌తో సహా" అని రాసుంది. బాపు అది చదువుకుని, "కొత్త ఇన్వర్టర్ వచ్చినంక ఈ పాతదెందుకు" అని మెట్ల కింది పెట్టెను, బ్యాటరీతో సహా తుక్కు కింద అమ్మేశాడు! పెట్టిన కుర్రాళ్ళు చూస్తూనే ఉన్నారట. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. సరే, వాళ్ళననడం ఎందుకు, నేనూ చెప్పలేదుగా.

గ్రిడ్ పోతే సోలార్ ఎందుకు ఆగాలి అని మన ఐటీ మిత్రులకే చాలామందికి అనుమానం. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. వీధిలో కరెంటు తీసేసి లైన్‌మన్ స్తంభం ఎక్కాడనుకోండి. మన ఇంటి పలకల నుంచి కరెంటు వెనక్కి వైర్లోకి వెళితే అతని ప్రాణం పోతుంది. అందుకని గ్రిడ్ వోల్టేజీ కనిపించకపోగానే ఇన్వర్టర్ తనంతట తానే విడిపోవాలి. దీన్నే యాంటీ ఐలాండింగ్ అంటారు. ఆ రాత్రి బాపుకు ఇదంతా వివరంగా చెబితే కోపం తగ్గింది. ఎందుకంటే ఆయనకు స్తంభాల సంగతి నాకంటే బాగా తెలుసు. లైన్‌మన్ ఎప్పటికొస్తాడో తెలియక ఊళ్ళో ఎవరో ఒకరు కర్ర పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజులు వేసిన రోజులు చూసిన మనిషి. "అట్లయితే ఆగుడే మంచిది. ఆ ముక్క ముందుగాల చెప్పొద్దా మరి" అన్నాడు.

ఇక లెక్కల సంగతికొస్తాను. మనకు ముందుగా తట్టేది అదే కదా.

2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం మొదలుపెట్టింది. దేశంలో కోటి ఇళ్ళ మీద సోలార్ అన్నది లక్ష్యం, 75,021 కోట్ల కేటాయింపు. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000, మూడోదానికి 18,000, మొత్తం గరిష్ఠంగా 78,000 రూపాయల సబ్సిడీ. మాకు 3 కిలోవాట్లకు 1,95,000 అయింది, సబ్సిడీ పోను చేతి నుంచి పడింది 1,17,000. ఏడాది సగటున రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి. ఎండాకాలం మా ఇంటి వాడకం నెలకు 300 యూనిట్లు. 2022లో సవరించిన రేట్ల ప్రకారం మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020, తర్వాతి 100కి 7.70 చొప్పున 770. వెరసి 1,790 రూపాయలు, ఫిక్స్‌డ్ చార్జీలు అవీ వేరే. మిగతా నెలల్లో తక్కువే కాలుతుంది కాబట్టి పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏడెనిమిదేళ్ళు. పలకలకు పాతికేళ్ళ వారంటీ. ఎక్సెల్ షీట్లో చూస్తే ముచ్చటగా ఉంది. నేనూ ఆ షీట్ చూసే ఆర్డరిచ్చాను.

తర్వాత దసరాకు ఊరెళ్ళినప్పుడు పక్కింటి పెద్దమ్మ అడిగింది, "ఎంత మిగులుతాంది బిడ్డా?" అని. నేను ఉత్సాహంగా లెక్క చెప్పాను. ఆమె అంతా విని, "మాకైతే జీరో బిల్లే వస్తాంది గదా" అంది.

చప్పున నోరు మూతపడింది. నిజమే. 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి అమలవుతోంది. తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. పెద్దమ్మ ఇంట్లో రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఒక ఫ్రిజ్, ఒక టీవీ, 90 యూనిట్లు దాటవు. ఆ పథకం రాకముందు కూడా ఆమె బిల్లు 220 రూపాయల చిల్లర. సోలార్ పెట్టుకుంటే ఆమెకు డబ్బు ఎన్నేళ్ళకు తిరిగొస్తుందీ అంటే... సున్నాతో భాగహారం. బాపు పెన్షనరు, తెల్లకార్డు లేదు కాబట్టి మా ఇంటికి లెక్క కుదిరింది. మా వీధిలో చాలా ఇళ్ళకు కుదరదు.

ఒక ప్రభుత్వం కరెంటు ఉచితంగా ఇస్తుంది. ఇంకో ప్రభుత్వం ఉచిత కరెంటు కోసం పలకలు కొనుక్కోండి, సగం మేమిస్తాం అంటుంది. రెండు పథకాల పేర్లలోనూ ఇల్లు ఉంది, వెలుగు ఉంది. ఒకదాని గిరాకీని ఇంకోటి తినేస్తోంది :) నేను దేన్నీ తప్పు పట్టడం లేదు. 90 యూనిట్లు కాల్చే ఇంటికి బిల్లు లేకపోవడం న్యాయమే. నేననేది వేరే. పల్లెల్లో, మా తొర్రూరు లాంటి చిన్న పట్టణాల్లో, సోలార్‌ని "బిల్లు మిగులుతుంది" అని అమ్మడం శుద్ధ దండగ. అక్కడ మనుషులకు కావాల్సింది చవక యూనిట్లు కాదు. పోయినప్పుడు కూడా ఉండే కరెంటు.

అబద్ధం ఎందుకు, కరెంటు ఇప్పుడు మునుపటంత పోదు. నా చిన్నప్పుడు పోవడం కాదు, రావడం వార్త. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది గానీ, అది ఏ రాత్రి ఏ గంటకు వస్తుందో చూసుకుంటూ రైతులు బావుల దగ్గరే పడుకునేవాళ్ళు. పాము కరిచి, మోటరు షాకు కొట్టి పోయినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆ రాత్రికాపలా తగ్గింది. ఇప్పుడు పోయేది ఎక్కువగా గాలికీ, వానకీ, కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌కీ. ఏడాదికి కొద్దిసార్లే, కానీ పోతే ఒక పూట, ఒక్కోసారి ఒకటిన్నర రోజు. సరిగ్గా ఆ పూటే మా ఇంటి మీద 3 కిలోవాట్లు అలంకారంగా కూర్చుంటాయి.

మరి బ్యాటరీ పెట్టుకోవచ్చుగా అంటారు. పెట్టుకోవచ్చు. హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ పెడితే వీధిలో పోయినా ఇంట్లో ఉంటుంది, వీధి వైరుకు కరెంటు పోదు. కానీ పీఎం సూర్యఘర్ సబ్సిడీ కిలోవాట్లను లెక్కపెడుతుంది, బ్యాటరీకి విడిగా ఏమీ రాదు. అందుకని అమ్మేవాళ్ళు ఆ మాటెత్తరు, ఎత్తితే రేటు పెరిగి బేరం పోతుంది. హైబ్రిడ్‌కు మార్చడానికి మాకు చెప్పిన ధర మళ్ళీ లక్షన్నర పైనే.

ఇక్కడ కొంచెం పిడకల వేట. థాయ్‌లాండ్ అనగానే మన టీముల్లో బ్యాంకాక్ టిక్కెట్లే గుర్తొస్తాయి గానీ, వాళ్ళ పల్లెల సోలార్ కథ మనకు బాగా పనికొస్తుంది. 2004-05 ప్రాంతంలో అక్కడి ప్రభుత్వం, కరెంటు లైను చేరని కొండ పల్లెల్లో సుమారు 2 లక్షల ఇళ్ళకు సోలార్ ఇచ్చింది. ఒక్కో ఇంటికి 120 వాట్ల పలక, బ్యాటరీ, రెండు ట్యూబులైట్లు, ఒక టీవీకి సరిపడా కరెంటు. లక్ష్యం చేరింది. కొన్నేళ్ళు తిరగకముందే వాటిలో చాలా భాగం మూలపడ్డాయి. పలకలు బాగానే ఉన్నాయి. పోయినవి కంట్రోలర్ డబ్బాలు, లైట్ల చోకులు, నీళ్ళు పోయక ఎండిన బ్యాటరీలు. వారంటీ ఉందన్న సంగతే ఊళ్ళవాళ్ళకు తెలియదు. బర్మా సరిహద్దులోని తాక్ రాష్ట్రంలో ఒక స్వచ్ఛంద బృందం, ఊరివాళ్ళకే స్క్రూడ్రైవరు పట్టుకోవడం, వారంటీ కాగితం నింపడం నేర్పితే చాలావరకు మళ్ళీ వెలిగాయి.

ఇప్పుడు అక్కడ లైను ఉన్న పల్లెల్లో కూడా ఇళ్ళ మీద సోలార్ పెట్టుకుంటున్నారు గానీ వాళ్ళ లెక్క వేరు. మాది నెట్ మీటర్. పక్కింటికి తవ్వెడు బియ్యం చేబదులిచ్చి రాత్రికి తవ్వెడు తిరిగి తెచ్చుకున్నట్టు, పగలు గ్రిడ్‌కిచ్చిన యూనిట్ రాత్రి యూనిట్‌గానే తిరిగొస్తుంది. థాయ్‌లాండ్‌లో ఇళ్ళకు 2021 నుంచి ఇచ్చిన రేటు యూనిట్‌కు 2.20 బాట్. వాళ్ళు కొనుక్కునేది దాదాపు రెట్టింపుకు. బియ్యం ఇస్తే సగం ధర చేతిలో పెట్టి పంపినట్టు. అందుకని అక్కడ వాషింగ్ మెషీన్, మోటరు అన్నీ మిట్టమధ్యాహ్నమే తిప్పుతారు. ఇక్కడ ఆ బాధ లేదు.

థాయ్ పల్లెల కథ చదివాక నాకు పట్టుకున్న భయం ఒకటే, ఐదో ఏడు. మన రాష్ట్రంలో నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిని 2025లో పూర్తి సోలార్ గ్రామంగా చేశారు. సంతోషం. ఆ ఊరి మీద అందరి కళ్ళూ ఉంటాయి కాబట్టి బాగానే నడుస్తుందనుకుంటాను. నా భయం ఎవరి కళ్ళూ ఉండని ఊళ్ళ గురించి.

మా ఇంట్లోనే చూడండి. 2025 జులైలో ఇన్వర్టర్ ఎర్రలైటు చూపించి ఆగిపోయింది. పెట్టిన కంపెనీకి ఫోన్ చేస్తే టికెట్ నంబరిచ్చారు (మనకు బాగా అలవాటైన మర్యాద). డబ్బా విప్పి హైదరాబాద్ పంపి, బాగై రావడానికి నాలుగు వారాలు. అదే మా ఊళ్ళో రాత్రి బోరు మోటరు కాలితే? పొద్దున బయటికి లాగి బండి మీద వేసుకుని వైండింగ్ షాపుకు తెస్తారు, మర్నాటికల్లా మళ్ళీ బావిలో దిగుతుంది. నాటు మడి ఎండిపోతుంటే టికెట్ నంబర్లు పనికిరావు కదా. వరంగల్-ఖమ్మం రోడ్డు మీద వర్ధన్నపేట, రాయపర్తి, తొర్రూరు, మరిపెడ, ఎక్కడ బస్సు దిగినా వైండింగ్ షాపు కనిపిస్తుంది. లో వోల్టేజీలూ, కాలిపోయే మోటర్లూ కలిసి ముప్పై నలభై ఏళ్ళలో ఎవరూ ప్లాన్ చేయకుండానే మండలానికో సర్వీస్ నెట్‌వర్క్ తయారు చేశాయి. అంత పని వచ్చిన చేతులు పక్కనే ఉండగా సోలార్‌కు మాత్రం హైదరాబాద్ టికెట్టా? సూర్యమిత్ర అని 2015 నుంచి కేంద్రం శిక్షణ పథకం ఉంది. మా ఊళ్ళో అది నేర్చినవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు. ప్రతి ఇంటికీ ఇచ్చే 78,000లో ఒక చిన్న ముక్క తీసి వైండింగ్ షాపుల కుర్రాళ్ళకు మల్టీమీటర్, రెండు నెలల శిక్షణ, నాలుగు స్పేర్ బోర్డులు ఇస్తే, ఆ డబ్బుకు అంతకంటే మంచి వాడకం ఉండదని నా అభిప్రాయం.

పైన చెప్పినవి పెద్ద సంగతులు. చిన్న సంగతులు ఏ కరపత్రంలోనూ ఉండవు. ఉదాహరణకు కోతులు. మా వైపు కోతుల బెడద తెలిసినవాళ్ళకు వివరించక్కర్లేదు. పలక మీది గట్టి అద్దాన్ని అవేం చేయలేదు గానీ కింద వేలాడే వైర్లను ఊయల అనుకున్నాయి. పైపుల్లో వేసి బిగించాక శాంతించాయి. ఇంకోటి, ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ అనుకుంటాం. కాదు. పలక వేడెక్కితే దిగుబడి తగ్గుతుంది, 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకీ నూటికి 0.35 దాకా. మేలో పలక 65 డిగ్రీలకు పోతే ఏడో వంతు గోవిందా. మాకు వాలుగా వచ్చింది ఫిబ్రవరి, మార్చిలోనే. దుమ్ము కడగాలి, అదీ తెల్లారగట్లే. కాలిన అద్దం మీద చన్నీళ్ళు పోయకూడదు. బోరు నీళ్ళతో కడిగి వదిలేస్తే ఉప్పు తెల్లగా పేరుకుంటుంది, బట్టతో తుడవాల్సిందే. తుడిచేది ఎవరు? అమ్మ. డాబా మీద మిరపకాయలు, వడియాలు ఎండబెట్టుకునే చోటంతా నీడైపోయిందని ఆమెకు అసలే మంట. "ఎండంత నీ అద్దాలే తింటానయ్" అంటుంది. నా ఎక్సెల్ షీట్లో ఆ కాలమ్ లేదు.

చివరికి ఏం చేశామంటే, గ్రిడ్ సోలార్‌ని దాని మానాన వదిలేశాం. అది బిల్లు సంగతి చూసుకుంటుంది. దానితో సంబంధం లేకుండా విడిగా రెండు పలకలు, సోలార్‌తో చార్జ్ అయ్యే పాత రకం ఇన్వర్టర్, రెండు ట్యూబులర్ బ్యాటరీలు పెట్టించాం. టక్‌మనే రకం. ఫ్యాన్లు, లైట్లు, వైఫై, అమ్మ ఆవిరి పట్టుకునే నెబ్యులైజర్, అంతవరకే దాని మీద. ఖర్చు అరవై వేల పైన, ఒక్క రూపాయి సబ్సిడీ లేదు. బోరు మోటరును అది లాగలేదు కాబట్టి ఇంకో 1000 లీటర్ల నీళ్ళ ట్యాంకు కొన్నాం. వీటన్నింటిలో చవకైన బ్యాటరీ ఏదంటే ఆ ప్లాస్టిక్ ట్యాంకే. కరెంటున్నప్పుడు నింపిన నీళ్ళు కరెంటు లేనప్పుడు కిందికి వాటంతటవే వస్తాయి. ఇంజనీరింగ్ చదివిన నాకు ఈ ముక్క బాపు చెప్పాడు.

అమెరికా నుంచో, గచ్చిబౌలి నుంచో అమ్మానాన్నల ఇంటికి సోలార్ పెట్టిద్దామనుకునే మిత్రులు సబ్సిడీ లెక్క చూసుకునే ముందు ఒకసారి ఇంటికి ఫోన్ చేయండి. పోయిన ఏడాది కరెంటు ఎన్నిసార్లు, ఎంతసేపు పోయిందో, పోతే ముందుగా ఏది ఆగి ఇబ్బంది అయిందో అడగండి. బిల్లు ఎంతొస్తుందో తర్వాత అడగొచ్చు. మెట్ల కింద పాత ఇన్వర్టర్ ఉంటే దాన్ని అమ్మొద్దని గట్టిగా చెప్పండి. యాప్ పాస్‌వర్డ్ మీ దగ్గర పెట్టుకుని పర్యవేక్షిస్తున్నామనుకోకండి, యాప్ సున్నా చూపిస్తుంది గానీ బకెట్లు చూపించదు.

2025 సెప్టెంబరులో మళ్ళీ పెద్దవాన పడి సాయంత్రం పోయిన కరెంటు మర్నాడు పొద్దెక్కాక గానీ రాలేదు. ఆ రాత్రి మా ఇంట్లో ఫ్యాన్లు తిరిగాయి. వరండాలో చార్జింగ్‌కు పెట్టిన ఫోన్లు తొమ్మిది అని అమ్మ లెక్క చెప్పింది. పక్కింటి పెద్దమ్మ కూడా వచ్చి కూర్చుని, "గా చిన్న అద్దాలు రెండింటికి ఎంతయింది బాపూ? పెద్దయి కాదు" అని అడిగిందట. బ్యాటరీ సైజు, వైరు మందం, ఎక్కడ కొన్నామన్నది, ధర అన్నీ రాసి ఆమె కొడుక్కి వాట్సాప్‌లో పంపాను. వాళ్ళకు రెండు కూడా అక్కర్లేదు, ఒకటి చాలు.